మార్మలేడ్ సీసాలో పళ్ల సెట్టు

స్విండన్,
ఫిబ్రవరి 3.

సుభద్రక్కయ్యకి నాగేశ్వరి నమస్కారాలు.

మేమంతా ఇక్కడ క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ మరిది క్షేమం, కిరణ్మయి క్షేమం, మనవరాలు సాత్విక క్షేమం. నాకొక్కదానికే వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

'మైండ్ ది థర్డ్ స్టెయిర్' నీకు గుర్తుందిగా. మనం ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు టీవీలో వేసే కామెడీ సీరియల్. సముద్రం ఒడ్డున లాడ్జింగ్ ఇల్లు, దానికి మూడో మెట్టు విరిగి ఉంటుంది, ఎవరు దిగినా పడతారు. డెబ్బై తొమ్మిదిలో, ఆస్పత్రి క్వార్టర్స్‌లో ఇరుగుపొరుగుగా చేరి మనం అక్కాచెల్లెళ్లమైన కొత్తలో, డాక్టర్ల మెస్‌లో ఊరికే టికెట్లు ఇస్తే నువ్వూ నేనూ లండన్ వెళ్లి స్టూడియోలో కూచుని ఒక ఎపిసోడ్ చూశాం. నాకు అప్పట్లో ఇంగ్లీషు ముక్క రాదు. నువ్వేమో బి.ఏ. ఇంగ్లీషు. కల్నల్ వేషం వేసినాయన ఏదో అనేవాడు, జనమంతా నవ్వేవారు, నువ్వు నా చెవిలో తెలుగులో చెప్పేదానివి, అప్పుడు నేను నవ్వేదాన్ని. అందరూ ఆపేసిన మూడు సెకన్లకి నా నవ్వు ఒక్కటే వినపడేది. ఒకసారి కల్నల్ తల తిప్పి మన వైపు చూశాడు కూడా.

ఆ నవ్వు టేపులో ఉండిపోయిందట అక్కయ్యా. నలభై అయిదేళ్లుగా జనం ఆ నవ్వు కోసమే ఆ ఎపిసోడ్ మళ్లీ మళ్లీ చూస్తున్నారట. నాకు 'లేట్ లేడీ' అని పేరు కూడా పెట్టారట. సాత్విక ఫోనులో ఆ ముక్క చూసి "అమ్మమ్మా, దట్స్ యూ" అంది. అని ఊరుకుందా, ఆ సీరియల్ అభిమానుల పేజీలో నా ఫొటోతో సహా పెట్టేసింది.

ఇప్పుడు ఆ సీరియల్ కార్డిఫ్‌లో మళ్లీ తీస్తున్నారు. పాతవాళ్లలో ఇద్దరే మిగిలారు. అప్పుడు ఇంటావిడ మేనకోడలుగా వేసినావిడ ఇప్పుడు ఇంటావిడగా వేస్తోంది. కల్నల్‌కి తొంభై దగ్గర పడ్డాయి, ఆయన్ని మెట్లు దిగనివ్వకుండా కుర్చీలో కూచోబెడతారట. మూడోదాన్ని నేనట. ఏప్రిల్ 12న వెళ్లి ఆడియన్స్‌లో కూచుని మళ్లీ అలాగే నవ్వాలని బెథన్ అనే అమ్మాయి కంపెనీ తరఫున రాసింది.

నవ్వమంటే ఎలా నవ్వుతారు? వంటింట్లో తలుపు వేసుకుని ప్రాక్టీసు చేస్తే పక్కింటావిడ వచ్చి అంబులెన్సు పిలవమంటారా అని అడిగింది. పైగా ఇప్పుడు నాకు ఇంగ్లీషు వచ్చేసింది. జోకు పూర్తిగా అర్థమవుతోంది, నవ్వు మాత్రం రావడం లేదు. నువ్వు వచ్చి పక్కన కూచుని చెవిలో చెప్పాలి. లేకపోతే నా పరువు పోతుంది.

ఇంకో చిన్న సంగతి. కల్నల్ మామగారి కట్టుడు పళ్ల సెట్టు మార్మలేడ్ సీసాలో, అదే నారింజ జామ్ సీసాలో, దొరికే జోకు ఉంది చూడు, ఇన్నేళ్లుగా నేను కనపడినవాళ్లందరికీ చెబుతానే, అది. సాత్విక సబ్‌టైటిల్స్ పెట్టి చూపిస్తే ఎక్కడా లేదు. కల్నల్ సీసా పట్టుకుని పోస్టు ఆలస్యంగా వస్తోంది అంటాడు, అంతే. నా నవ్వు సరిగ్గా అక్కడే ఉంది. పళ్లు మాత్రం లేవు. అది ఏ ఎపిసోడో కాస్త రాయి.

నీ చెల్లెలు
నాగేశ్వరి

తా.క.: ఫోను చెయ్యకు. ఫోనులో మాట్లాడితే మీ మరిది పక్కన చేరి ప్రతి మాటకీ "ఏమంది?" అంటాడు. చెవి మెషీను సొరుగులోంచి తియ్యడు. ప్రతిదీ రెండుసార్లు మాట్లాడే ఓపిక నాకు లేదు.


గ్లాస్గో,
ఫిబ్రవరి 10.

చి.ల.సౌ. నాగేశ్వరికి సుభద్ర ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి మీ బావగారూ నేనూ చాలా సంతోషించాం. మన ఆడవాళ్లలో టీవీకి ఎక్కినదానివి నువ్వొక్కదానివే. గుళ్లో అందరికీ చెప్పాను. జయలక్ష్మి అయితే నన్ను పట్టుకుని ఆ జోకులు మాకూ చెప్పండి అంటుంది. ప్రసాదాలకి టైమవుతోందని తప్పించుకున్నాను.

నేను రావడం మాత్రం కుదరదమ్మా. మోకాళ్లు. మీ బావగారు నలభై ఏళ్లు ఊరందరి మోకాళ్లూ మార్చారు, ఇంట్లో కూడా రెండున్నాయని ఆయనకి రిటైరయ్యాక తెలిసింది. ఇక్కణ్ణించి కార్డిఫ్‌కి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరతాం. అది కాక ఏప్రిల్‌లో గుడిలో వంట వంతంతా నాదే.

అయినా నీకు నేనెందుకు? ఇప్పుడు నా కంటే నీకే ఇంగ్లీషు బాగా వచ్చు. ధైర్యంగా వెళ్లి నవ్వేసి రా.

పళ్ల సెట్టు సంగతి. అది వేరే ఎపిసోడ్ అయి ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత ఏ జోకు ఎందులోదో ఎవరికి గుర్తుంటుంది? దాని కోసం వెతుకుతూ కూచోకు.

శుభం కోరే
సుభద్ర

తా.క.: నిజంగా వెతకొద్దు. పాత సీరియల్స్ ఎక్కువ చూస్తే కళ్లు మండుతాయి.


స్విండన్,
ఫిబ్రవరి 24.

సుభద్రక్కయ్యకి నాగేశ్వరి నమస్కారాలు.

వెతికాను. మొత్తం ముప్పై రెండు ఎపిసోడ్లు చూశాను. కాగితం, పెన్ను పెట్టుకుని చూశాను. మార్మలేడ్ సీసా పదకొండుసార్లు కనిపించింది. పళ్లు ఒక్కసారి కూడా లేవు. కల్నల్‌కి అసలు పెళ్లే కాలేదు అక్కయ్యా. పెళ్లి కాని మనిషికి మామగారు ఎక్కణ్ణించి వస్తాడు?

నాకు భయంగా ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ చివరి రోజుల సంగతి నీకు తెలుసు. జరగనివన్నీ జరిగినట్టు చెప్పేది. ఎన్నడూ చూడని రామేశ్వరంలో దుప్పటి పోగొట్టుకున్నానని పోలీసు రిపోర్టు ఇమ్మనేది. ఆఖరుకి నన్ను చూసి "ఈ నర్సు మంచిది, మా నాగేశ్వరి ఎప్పుడొస్తుంది?" అంది. అమ్మకి అది మొదలైంది అరవై ఎనిమిదో ఏట. నాకు వచ్చే నెల అరవై ఎనిమిది నిండుతాయి.

మిగతావన్నీ గుర్తున్నాయో లేదో నన్ను నేనే పరీక్ష చేసుకుంటున్నాను. మా క్వార్టర్స్ నంబరు పద్నాలుగు. నువ్వు కట్టుకున్నది ముదురాకుపచ్చ చీర, దాని మీద బావగారి డఫిల్ కోటు. కిరణ్మయి కడుపులో ఉన్నప్పుడు నువ్వే నన్ను క్లినిక్‌కి తీసుకెళ్లావు. కానుపయ్యేదాకా వంకాయ ముట్టుకోకూడదని పెద్ద డాక్టరు అన్నాడని చెప్పావు. నేనూ ముట్టలేదు, మీ మరిదీ ముట్టలేదు. ఆయన డాక్టరయి ఉండి కూడా, కన్సల్టెంటు చెప్పాక జూనియర్‌ని నేనేం మాట్లాడతాను అన్నాడు. కిరణ్మయికీ నేను అదే పథ్యం పెట్టాను. ఇవన్నీ నిన్న జరిగినట్టు ఉన్నాయి. మరి పళ్లు ఎక్కడికి పోయాయి?

మీ మరిదికి అనుమానం వచ్చినట్టుంది. టీ తాగుతూ మెల్లిగా "ఇప్పుడు ప్రధానమంత్రి ఎవరు?" అని అడుగుతున్నాడు. ఈ దేశంలో అది గుర్తులేకపోవడం రోగం కాదు, ఓపిక లేకపోవడం అన్నాను.

దయచేసి నిజం రాయి. ఆ జోకు నువ్వు నాకు చెప్పావా, లేక నేనే ఊహించుకున్నానా?

నీ చెల్లెలు
నాగేశ్వరి

తా.క.: ఈ ఉత్తరం ఇదివరకే ఒకసారి రాసి పంపించి ఉంటే ఆ సంగతి కూడా రాయి.


గ్లాస్గో,
మార్చి 1.

చి.ల.సౌ. నాగేశ్వరికి సుభద్ర ఆశీస్సులు.

పిచ్చిదానా, కంగారు పడకు. నేను చెప్పాను. పళ్ల సెట్టు గురించి నా నోటితో నేనే నీ చెవిలో చెప్పాను. నీ జ్ఞాపకానికి ఏమీ కాలేదు.

అది ఇప్పుడు కనపడకపోవడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో స్టూడియోలో తీసినదంతా టీవీలో వేసేవారు కాదు. అక్కడక్కడా కోసేసేవారు. పళ్ల డాక్టర్ల సంఘంవాళ్లు అభ్యంతరం చెప్పి ఉంటారు. ఈ దేశంలో పళ్ల డాక్టర్లకి చాలా పలుకుబడి ఉండేది అప్పట్లో. కాబట్టి ఆ ముక్క తీసేసి నీ నవ్వు మాత్రం ఉంచేశారు. అంతే, ఇంకేం లేదు.

ఇక ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యి. రాత్రి పడుకునే ముందు గ్లాసుడు పాలు తాగు.

శుభం కోరే
సుభద్ర

తా.క.: ఈ కోసేసిన సంగతి ఆ కార్డిఫ్ పిల్లతో అనకు. వాళ్లకి తెలిసే ఉంటుంది, పాపం ఇబ్బంది పడతారు.


స్విండన్,
మార్చి 15.

సుభద్రక్కయ్యకి నాగేశ్వరి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. తా.క. చదివేలోపలే బెథన్‌కి రాసేశాను.

అంతే, అక్కడ గగ్గోలైపోయింది. పోయిన సీను దొరికిందని అభిమానుల పేజీలో పండగ. ఎవరో కుర్రాళ్లు చొక్కాల మీద పళ్ల సెట్టు బొమ్మ వేయించుకున్నారు. లండన్‌లో పాత టేపులు దాచేచోట ఒక ముసలాయన నాలుగు రోజులు కూచుని అట్టపెట్టెలన్నీ తిరగేశాడట. కొత్త సీరియల్ రాసేవాళ్లు ఆ జోకు తెగ నచ్చి, టేపు దొరికినా దొరకకపోయినా ఏప్రిల్ 12 ఎపిసోడ్‌లో పెట్టేస్తామని రాశారు. కల్నల్ ఇప్పటికే రిహార్సలు చేస్తున్నాడట.

నిన్న బెథన్ దగ్గర్నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. ఆ రోజు స్టూడియోలో తీసింది తీసినట్టు ఉన్న టేపు దొరికింది. ఒక్క ముక్క కూడా కోయలేదు. రాసిన స్క్రిప్టూ దొరికింది. పళ్లు లేవు. పళ్ల డాక్టర్లు లేరు. కల్నల్ నోట వచ్చిన మాట "పోస్టు ఆలస్యంగా వస్తోంది" ఒక్కటే.

అంటే నువ్వు నా మీద ప్రేమ కొద్దీ అబద్ధం రాశావన్నమాట. చెప్పానని రాస్తే నాకు ధైర్యం వస్తుందని. అర్థమైంది అక్కయ్యా. నీ మీద కోపం లేదు. నువ్వు కూడా మీ మరిదిలాగే నన్ను జాగ్రత్తగా చూసుకోవడం మొదలుపెట్టావు, అంతే.

మొన్న మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. జీపీ ఏవో పది ప్రశ్నలు అడిగాడు. గడియారం బొమ్మ వేసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నాడు. వేశాను. బాగానే ఉంది కానీ, జరగనిది ఇంత గట్టిగా గుర్తుండటం చూడాల్సిన విషయమేనని మెమరీ క్లినిక్‌కి రాశాడు. మార్చి 27న రమ్మన్నారు.

డబ్బాలన్నిటికీ పేర్లు అంటించాను. గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలో కిరణ్మయికి రాసిచ్చాను. అది చదివి ఏడ్చింది, ఉప్పు ఎంతో రాయలేదని అనుకున్నాను, అందుకు కాదట. నేను కార్డిఫ్ రానని బెథన్‌కి చెప్పేద్దామనుకుంటున్నాను. జోకు నాదో కాదో తెలియని మనిషి అక్కడ కూచుని దేనికి నవ్వుతుంది?

అన్నిటి కంటే ఎక్కువ భయం ఒకటుంది. అమ్మలాగా నేను కూడా ఏదో ఒక రోజు నిన్ను గుర్తుపట్టకపోతే, నువ్వు మనసు కష్టపెట్టుకోకు.

నీ చెల్లెలు
నాగేశ్వరి

తా.క.: నీకు బి.ఏ.లో ఇంగ్లీషు పద్యాలు కంఠతా వచ్చు కదా, ఒకటి రాసి పంపు. రోజూ వల్లెవేస్తే మెదడుకి మంచిదని జీపీ అన్నాడు.


గ్లాస్గో,
మార్చి 19. ఫస్ట్ క్లాస్ పోస్టు.

నాగేశ్వరీ,

ఆశీస్సులు పెట్టే మొహం లేక తిన్నగా రాస్తున్నాను.

నీకు ఏ జబ్బూ లేదు. జబ్బంతా నా నోటిది. ఆ రోజు స్టూడియోలో వాళ్లు మాట్లాడిన ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నేను బి.ఏ. కాదు. చదివాను, ఇంగ్లీషులో రెండుసార్లు తప్పాను. మా కాలేజీలో ఇంగ్లీషు మేష్టారు ఇంగ్లీషు కూడా తెలుగులోనే చెప్పేవారు. పెళ్లిచూపుల్లో మా నాన్న బి.ఏ. అన్నారు, మీ బావగారు నమ్మారు, విమానం దిగాక అందరూ నమ్మారు. నమ్మినవాళ్లని కాదనడానికి కూడా ఇంగ్లీషు కావాల్సి వచ్చింది.

నువ్వు వచ్చి అప్పటికి నాలుగు నెలలు. రోజూ ఏడ్చేదానివి. మగవాళ్లిద్దరూ డ్యూటీల్లో ఉండేవాళ్లు, నీ ఏడుపు గోడ అవతల నాకు వినపడేది. కాస్త నవ్వుతావని నిన్ను అక్కడికి తీసుకెళ్లాను. అందరూ నవ్వారు. నువ్వు నా మొహంలోకి చూసి "ఏమన్నాడక్కయ్యా?" అన్నావు. నాకు తెలియదంటే మళ్లీ ఏడుస్తావు. కల్నల్ చేతిలో సీసా కనపడింది. మా మామగారి పళ్ల సెట్టు ఒకసారి నిమ్మకాయ ఊరగాయ జాడీలో దొరికింది, దాన్ని మార్మలేడ్ సీసాలో వేసి చెప్పేశాను. నువ్వు నవ్వావు. నాలుగు నెలల్లో అదే మొదటిసారి. ఇక ఆపలేకపోయాను. ఆ పూట నువ్వు నవ్వినవన్నీ మా అత్తగారింటి కథలే.

తర్వాత చెబుదామనుకున్నాను. ఏటేటా కష్టమైపోయింది. ఇక్కడ పదేళ్లు కొత్తగా వచ్చిన డాక్టర్ల భార్యలకి నేను ఇంగ్లీషు చెప్పాను కూడా. ముందు రోజు నేర్చుకుని మర్నాడు చెప్పేదాన్ని.

నువ్వు క్లినిక్ మాట రాసేదాకా నా పరువు గురించే భయపడ్డాను. సిగ్గుగా ఉంది. ఈ ఉత్తరం ఆ డాక్టరుకి చూపించు. కార్డిఫ్ వాళ్లకీ చెప్పేసెయ్యి. నన్ను ఏమనుకున్నా సరే, నువ్వు మాత్రం భయపడకు.

సుభద్ర

తా.క.: రాసే చేత్తోనే ఇదీ రాసేస్తున్నాను. కిరణ్మయి నీ కడుపులో ఉన్నప్పుడు మనం వెళ్లామే, ఆ క్లినిక్‌లో పెద్ద డాక్టరు అయిదు నిమిషాలు మాట్లాడాడు. నాకు ఏమీ అర్థం కాలేదు, నువ్వు ఏమన్నాడని అడిగావు. ఏదో ఒక పథ్యం చెప్పకపోతే బాగుండదని వంకాయ అన్నాను. మరిదిగారికి మాత్రం చెప్పకు, నీకు దండం పెడతాను.


స్విండన్,
ఏప్రిల్ 14.

అబద్ధాలకోరు సుభద్రక్కయ్యకి నాగేశ్వరి నమస్కారాలు.

నీ ఉత్తరం అందిన రోజు గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. సంతోషంతో. మర్నాడు వంకాయ గుర్తొచ్చి కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు. కడుపుతో ఉన్న మనిషిని, గుత్తివంకాయ కూర కలలోకి వస్తోందని నీ దగ్గర ఏడిస్తే "ఓర్చుకో, పెద్దాయన మాట" అన్నావు. అది కూడా నాకు గుర్తుంది.

27న మెమరీ క్లినిక్‌లో డాక్టరమ్మకి నీ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా ఇంగ్లీషులో చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నీలాగ కాదు. ఆవిడ మొహం మామూలుగానే పెట్టుకుని అంతా విని, రాసుకుంటూ రాసుకుంటూ ఆగి, కలం కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. గంటన్నర పరీక్షలు చేసి, నాకు ఏమీ లేదంది. నలభై అయిదేళ్ల కింద చెవిలో చెప్పిన మాట పొల్లుపోకుండా గుర్తుంచుకున్న మనిషిని మళ్లీ తన దగ్గరికి పంపొద్దని జీపీకి రాస్తానంది.

కార్డిఫ్ వాళ్లకీ నిజం చెప్పాను. ఏమంటారోనని భయపడుతూనే చెప్పాను. వాళ్లు అయినా ఆ సీను ఉంచేస్తామన్నారు. కల్నల్ అయితే నన్ను పిలిపించి చెయ్యి పట్టుకున్నాడు. ఆ మాటలో నవ్వడానికి ఏమీ లేదని ఆయనకి అప్పుడే తెలుసట, మరి ఆవిడ ఎందుకు నవ్విందా అని ఇన్నేళ్లూ ఆలోచించాడట. పాపం, తెలియకుండానే పోతానేమో అనుకున్నాడు.

ఇక అసలు సంగతి. మొన్న శనివారం మమ్మల్ని నాలుగో వరసలో కూచోబెట్టారు. నా పక్కన మీ మరిది, చెవి మెషీను స్విండన్‌లో సొరుగులో. కల్నల్ కుర్చీలో కూచుని మార్మలేడ్ సీసాలో చెంచా పెట్టాడు, పళ్ల సెట్టు పైకి వచ్చింది. హాలు మొత్తం విరగబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నవ్వులు తగ్గిపోతున్నాయి. బెథన్ కెమెరా పక్కన నిలబడి నా వైపే చూస్తోంది. ఇక అయిపోయింది, పరువు పోయింది అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు మీ మరిది నా మోచెయ్యి పట్టుకుని "ఏమన్నాడు?" అన్నాడు.

ఆయన మొహం చూశాను. అందరూ నవ్వుతుంటే తనకొక్కడికే తెలియని మొహం. ఆ రోజు నా మొహం నీకు ఎలా కనపడిందో అప్పుడు తెలిసింది అక్కయ్యా. వంగి ఆయన చెవిలో చెప్పాను. పళ్ల సంగతి కాదు. "ఆ తొమ్మిది నెలలూ మనల్ని వంకాయ తినొద్దన్నది పెద్ద డాక్టరు కాదండీ, సుభద్రక్కయ్య" అన్నాను.

ఒకటి, రెండు, మూడు. అప్పుడు నవ్వాడు. నలభై ఏళ్లు జనానికి మత్తిచ్చి నిద్రపుచ్చిన మనిషి, కూచున్న కుర్చీ కదిలేలా నవ్వాడు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది, ఆయన నవ్వు ఒక్కటే. కల్నల్ తల తిప్పి, ఆ రోజు చూసినట్టే మా వైపు చూశాడు. అది చూసి నాకూ నవ్వు వచ్చింది. అప్పటికి ఆరు సెకన్లు అయి ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడు ఆపానో నాకు గుర్తులేదు. ఇది మాత్రం డాక్టరమ్మకి చెప్పను.

వచ్చే నెల మేమిద్దరం గ్లాస్గో వస్తున్నాం, వారం రోజులు ఉంటాం. ఏం వండాలో నీకు వేరే చెప్పక్కర్లేదు. తొమ్మిది నెలల బాకీ అని మీ మరిది అంటున్నాడు.

నీ చెల్లెలు
నాగేశ్వరి

తా.క.: సీరియల్ చివర పేర్లు వేసేటప్పుడు పళ్ల సెట్టు జోకు ఎవరిదో వెయ్యాలట, నీ పేరు ఎలా రాయాలని బెథన్ అడిగింది. సుభద్ర, బి.ఏ. అని రాయమన్నాను. అదొక్కటీ నాకు తప్పుగా గుర్తుందని అనుకో.